మేడం పెరట్లో లంకెబిందెలు

నవ్వితే మధ్యలోనే ఆపేస్తాను, ముందే చెబుతున్నా. మొన్న శనివారం ఇక్కడ గల్ఫ్‌లో, అరాద్‌లో మా మేడం ఇంట్లో నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. తీరా ఏమైందో వినండి.

మా మేడంది ఐర్లండ్. ఇక్కడ స్కూల్లో హిస్టరీ టీచరు. వాళ్ళ దేశంలో రైతులు పొయ్యిలోకి కట్టెల్లా మండే మట్టిగడ్డలు తవ్వుకుంటుంటే వేల ఏళ్ళ నాటి బంగారం బయటపడిందట. నెలవంకల్లాంటి కంటెలు, లావుపాటి కడియాలు. ఎందుకు పాతిపెట్టారో ఇప్పటికీ సరిగ్గా తెలీదట. దేవుళ్ళకి ఇచ్చుకున్నారేమో అంటారట. ఫొటోలు చూపించి మరీ చెప్పింది. మన లంకెబిందెల్లాంటివే అనుకున్నాను.

శనివారం మేడం లేవకముందే కరివేపాకు మొక్క నాటుదామని పెరట్లో తవ్వాను. జానెడు లోతులో తళుక్కుమంది. నెలవంక కంటె! దాని కింద రెండు కడియాలు. మట్టి తుడిచి చూశాను అక్కా, బంగారమే. సంతోషం అర నిమిషం కూడా లేదు. పనిమనిషి చేతిలో బంగారం చూస్తే ఏమంటారు? దొరికిందంటే నమ్ముతారా? పోలీసులు, కేసు, ఆపైన ఖలాస్, మా ఊరు అమలాపురం పోవడమే.

అందుకని ఎక్కడిది అక్కడే కప్పేద్దామనుకున్నా. కానీ పాతిన బంగారాన్ని కదిలించి ఊరుకుంటే ఇంటికి అరిష్టమని మా అమ్మమ్మ చెప్పేది. వంటింట్లోంచి కొబ్బరికాయ తెచ్చి కొట్టి, పసుపు కుంకుమ చల్లి, నిమ్మకాయ కోసి పెట్టి, దణ్ణం పెట్టుకుని అన్నీ కలిపి పూడ్చేశాను.

పదింటికి మేడం క్లాసు పిల్లలు పన్నెండు మంది వచ్చారు. టిఫినుకనుకున్నా. చూస్తే అందరి చేతుల్లో చిన్న చిన్న తాపీలు! మేడం వాళ్ళని తిన్నగా ఆ చోటికే తీసుకెళ్ళింది. నేను అడ్డం పడి, పాముంది వెళ్ళొద్దన్నాను. లంకెబిందెలకి పాము కాపలా కదా, అబద్ధం కూడా అదే నోటికొచ్చింది.

ఆవిడ నవ్వింది. "భయపడకు. పిల్లలు వెతకాలని నిన్న నువ్వు సెలవులో ఉన్నప్పుడు నేనే పాతాను. అన్నీ ఇత్తడివే."

ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో పూజ సంగతి మర్చేపోయాను. పిల్లలకి ముందు దొరికింది కొబ్బరి చిప్ప. తర్వాత నిమ్మచెక్కలు. ఒక పాప శ్రద్ధగా నోట్సులో రాసుకుని, "మిస్, నాలుగు వేల ఏళ్ళ క్రితం ఐర్లండ్‌లో కొబ్బరిచెట్లు ఉండేవా?" అని అడిగింది.

మేడం నావైపు చూసింది. నా చేతులకి పసుపు ఇంకా అలాగే ఉంది.

దాచలేక అంతా చెప్పేశాను. తిడుతుందనుకుంటే, కుర్చీ వేసి పిల్లల ముందు కూర్చోబెట్టింది. బంగారం పాతేవాళ్ళ మనసులో ఏముంటుందో ఈవిడనే అడగండి అంది. గంటసేపు ప్రశ్నలే ప్రశ్నలు. దొంగ అంటారేమోనని హడలి చచ్చానా, ఇప్పుడు ఆ పన్నెండు నోట్సుల్లోనూ నేను నాలుగు వేల ఏళ్ళ నాటి పూజారమ్మని.