ఎక్స్‌రే గది ఆయమ్మకు అర్థమైన పుస్తకం

ఆస్పత్రి లైబ్రేరియన్ ఏ పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చూడడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, నడిమధ్య తెరిచి, ఒక పేరా పైకి చదువుతాడు. నాలుక తడబడిందా, ఆ పుస్తకం డాక్టర్ల బీరువాకే. రేడియేషన్ నుంచి ఎలా కాపాడుకోవాలో మామూలు సిబ్బందికి చెప్పే పుస్తకాలు ఎంచమని పెద్ద డాక్టరు అడిగి వారమైంది. తెప్పించినవాటిలో తొమ్మిది అప్పటికే డాక్టర్ల బీరువా ఎక్కాయి. పదోది చదువుతుండగా ఎక్స్‌రే గది తుడిచే ఆయమ్మ గుమ్మంలో ఆగింది.

"అయ్యా, ఆ కిరణాలు ఒంటికి అంటుకుంటాయా? మా కోడలు కని నెలయింది. మనవరాల్ని నేనింకా ఎత్తుకోలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే భయం."

జవాబు అతనికి తెలుసు. కానీ తన నోటిమాట కంటే అచ్చులో ఉన్న మాటే ఆమెకు ధైర్యమిస్తుందని పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివాడు. "మిషన్ పనిచేస్తున్నప్పుడు గదిలో ఉండకూడదు. ఆపేశాక కిరణాలుండవు, దీపం ఆర్పితే వెలుతురు పోయినట్టే. ఒంటిమీదా బట్టలమీదా ఏమీ మిగలదు."

"నేను వెళ్ళేది ఆపాకేగా! మళ్ళీ చదవండయ్యా."

మళ్ళీ చదివాడు. ఆమె గుండెల మీది బరువు దిగినట్టు స్టూలు మీద కూలబడి, "నెల్లాళ్ళు ఊరికే చచ్చానే, పిచ్చిమొద్దుని!" అంటూ ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, "ఎత్తుకున్నానయ్యా! ఎత్తుకోగానే ఒళ్ళంతా తడిపేసింది" అని గొప్పగా చెప్పింది. అతను జాబితాలో ఆ పుస్తకం పేరు రాసి, ఎన్ని ప్రతులు అన్నచోట ఇరవై అని వేశాడు.