తుప్పమ్మ పగ

ఆ ల్యాబులో ఆమెను అందరూ తుప్పమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది పెద్దసారు. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్‌లో ఆక్సిజన్‌ను నీరుగా మార్చాలంటే ప్లాటినం కావాలి, దాని ధర వింటే కళ్లు తిరుగుతాయి. ఆ పని ఇనుముతో చేయించవచ్చని ఆమె ఏళ్ల తరబడి పొడులు కాల్చి, కడిగి, చివరికి ఒకటి సాధించింది. సారు కూడా ప్లాటినం అక్కర్లేదంటూ కోబాల్టుతో ఒక పొడి చేశాడు. ఏ పొడి ఎంత కరెంటు ఇస్తుందో చూపే తెర మీద దాని గీతను ఆమె గీతకు పైన నిలబెట్టి, "తుప్పుకి ఇంతకన్నా ఏం చేతనవుతుందమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె పొడి అటకెక్కింది. సారు ప్రయోగాలకు సరంజామా అమర్చే పని మాత్రం ఆమెకు మిగిలింది.

అమరుస్తూ ఉండగానే గుట్టు తెలిసింది. సారు పొడి వాడేకొద్దీ అరగాల్సింది పోయి మెరుగవుతోంది. పరీక్షించేటప్పుడు ఆమ్లంలో పొడికి ఎదురుగా, కరెంటు పారడానికి రెండో కొసగా వేలాడేది ప్లాటినం తీగ. కరెంటు పారినప్పుడల్లా అది కంటికి కనపడనంతగా కరిగి, వచ్చి పొడి మీద కూర్చుంటోంది. కష్టం ప్లాటినానిది, పేరు కోబాల్టుది. ఆమె తన పొడికి మొదటినుంచీ తీగకు బదులు బొగ్గుకడ్డీయే వాడేది.

ఇంటికెళ్లి చెబితే, అత్తగారు ఆ సంగతేదో సారుకే చెప్పేయమంది.

"ఇప్పుడు చెబితే సర్దుకుంటాడు అత్తయ్యా. నన్ను నలుగురిలో అన్నాడు. నలుగురిలోనే పడాలి, కంపెనీవాళ్లు సారు పొడి చూడటానికి వచ్చిన రోజున."

అయితే ఆ రోజు ఇస్త్రీ బట్టలు వేసుకెళ్లమంది అత్తగారు.

కంపెనీవాళ్లు చూడటానికి వచ్చిన రోజు ఆమె అలాగే వెళ్లింది. పక్కన ఇనుమూ ఉంటే పోలికకు బాగుంటుందంటే, సారు నవ్వి కానివ్వమన్నాడు. ఒక గాజుగిన్నెలో ఇంకా ప్లాటినం అంటని, అప్పుడే పూసిన సారు పొడి, రెండోదానిలో తన పొడి. రెండింటికీ బొగ్గుకడ్డీలే. ఆమె అమర్చినదాన్ని సారు ఏనాడూ వంగి చూసినవాడు కాదు, ఆ రోజూ చూడలేదు.

తెర మీద సారు గీత చతికిలబడింది. ఇనుము గీత ఎప్పుడూ ఉండేచోటే నిలబడింది. సారు వైర్లు కదిపి మళ్లీ నడిపించాడు. మళ్లీ అంతే. ఆమె కసి తీరా చూసింది, ఆ సంతోషాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

సారు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, తీగ ఏదని అడిగాడు. ఆమె గొంతు తగ్గించలేదు.

"బీరువాలో పెట్టి తాళం వేశాను సార్. ఖరీదైన లోహం లేకుండా చూపిస్తున్నామని వీళ్లకి చెప్పారు కదా."

కంపెనీ పెద్దాయన రెండో గిన్నె మీదికి వంగి, ఇదేం పొడి అని అడిగాడు.

"మీరే చెప్పండి సార్," అందామె పెద్దసారు వైపు తిరిగి. "దానికి పేరు పెట్టింది మీరు."

సారు నేల చూస్తూ గొణిగాడు.

"తుప్పు."

"ఇంకొంచెం గట్టిగా సార్," అంది తుప్పమ్మ.