మూడు ఊళ్ల లైను

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక గద్వాల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని పలచబడేది. పొద్దున్నంతా చీరల షావుకార్లు, పల్లీల కమీషన్ దుకాణాల వాళ్లు ట్రంకు కాల్స్ కోసం ప్రాణం తీసేవాళ్లు. ఎండ ముదిరే సరికి వాళ్లంతా దుకాణాల్లోనే నడుం వాల్చేవాళ్లు. అప్పుడు ఆపరేటర్ బాలమణి హెడ్‌సెట్ సర్దుకుని, వనపర్తి లైనులో ప్లగ్గు పెట్టేది.

"అన్నా, ఉన్నవా?"

"ఏడికి పోత చెల్లె? ఆగు, రుక్కమ్మను గుడ కలుపుత."

అన్నది దేవదాసు, వనపర్తి ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు మాట్లాడాలంటే వనపర్తి మీదుగానే పోవాలి. దేవదాసు తన బోర్డు మీద ఇటు తీగను అటు కలిపితే, నాగర్‌కర్నూలులో ఉన్న రుక్కమ్మ కూడా లైనులోకి వచ్చేది. పైవాళ్లకు తెలిస్తే ఊరుకోరు. అయినా ఆ కాస్త తీరిక వేళలో మూడు ఊళ్ల ఆపరేటర్లు కబుర్లాడుకోవడం నాలుగేళ్లుగా నడుస్తోంది. అది 1987.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. దేవదాసు గొంతు గంభీరంగా ఉండేది కాబట్టి అతను నిలువెత్తు మనిషై ఉంటాడని బాలమణి అనుకునేది. రుక్కమ్మ నవ్వితే చెవిలో హెడ్‌సెట్ గరగరమనేది. రుక్కమ్మ బర్రె ఈనిందన్నా, దేవదాసు ఇంట్లో వానకు గోడ తడిసి కూలిందన్నా, బాలమణి కూతురు పుష్పకు ముందు పన్ను ఊడిందన్నా ఆ వార్త ముందు లైనులోనే చెప్పుకునేవాళ్లు. రుక్కమ్మ తండ్రి పోయి ఆమె తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు, ఆమె ఏడుస్తుంటే మిగతా ఇద్దరూ హెడ్‌సెట్లు తీయకుండా, కాల్ ఏదైనా వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

బాలమణి భర్త వెంకట్రాములు మగ్గం నేసేవాడు. నూలు చీరకు పట్టు అంచు కలిపేచోట అతని పనితనం బాగుంటుందని షావుకారు పెద్ద అంచుల చీరలన్నీ అతనికే ఇచ్చేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో అతని చీరల్లో తప్పులు పడసాగాయి. అంచు దగ్గర పోగు జారిపోవడం, ముడి వదులు కావడం. షావుకారు రెండు చీరలు తిప్పి పంపాడు.

"కండ్లు మసకైనయా ఏంది?" అని అడిగింది బాలమణి.

"కండ్లు మంచిగనే ఉన్నయి. పోగు చేతికి తెలుస్తలేదు" అన్నాడు వెంకట్రాములు.

ఆ మాటను ఆమె అంతగా పట్టించుకోలేదు. ఒక సాయంత్రం అతను పొయ్యి మీది గిన్నెను చేత్తోనే దించాడు. ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు బొబ్బలెక్కాయి. అతను మాత్రం తాపీగా అన్నం వడ్డించుకుంటున్నాడు. బాలమణి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. మోచేతి కింద రూపాయి బిళ్లంత మచ్చ. గిచ్చింది. అతను చూస్తున్నాడే గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఇద్దరికీ అర్థమైంది. నోటితో మాత్రం ఎవరూ అనలేదు. ఆ రోగాన్ని ఊళ్లో పేరు పెట్టి పిలవరు, పెద్దరోగం అంటారు. అది వచ్చినవాడి గడప ఎవరూ తొక్కరు.

వాడకట్టులో ఎవరికి చెప్పినా తెల్లారేసరికి మగ్గాలన్నిటికీ తెలుస్తుంది. ఎక్స్ఛేంజిలో రెండో ఆపరేటర్ జానకమ్మకు చెప్పాలంటే భయం. మూడు రోజులు మింగలేక కక్కలేక తిరిగింది. నాలుగో రోజు మధ్యాహ్నం, జానకమ్మ భోజనానికి పోగానే, లైనులో చెప్పేసింది.

"మా ఆయనకు పెద్దరోగం అనుకుంటున్న అక్కా. ఎవ్వరికీ చెప్పలే. మీ ఇద్దరికే చెప్తున్న."

ముందుగా రుక్కమ్మే తేరుకుంది.

"పరేషాన్ గాకు. మా దిక్కు సైకిల్ మీద సర్కారు మనిషి ఒకాయన తిరిగి గోలీలు ఇస్తుండు. ఇప్పుడు కొత్త మందు వచ్చిందంట, పూర్తిగ నయమైతదంట. ముందుగాల దవాఖానకు తోల్కపో."

"గద్వాలల చూపియ్యకు చెల్లె. కర్నూలు పో. ఆడ మిమ్మల్ని ఎవరు గుర్తుపడ్తరు?" అన్నాడు దేవదాసు.

ఆ మాటలకే బాలమణికి గుండె బరువు సగం దిగింది. మరునాడే సెలవు పెట్టి భర్తను కర్నూలు తీసుకుపోయింది. డాక్టరు మచ్చను సూదితో గుచ్చి చూసి, కుష్ఠేనని తేల్చి, రెండేళ్లు మందులు మానకుండా మింగితే తగ్గుతుందన్నాడు. అప్పటికే చచ్చిన స్పర్శ తిరిగి వస్తుందో రాదో మాత్రం చెప్పలేనన్నాడు. మందులు మొదలుపెట్టాక ఇంట్లోవాళ్లకు కూడా అంటుకోదని, భయపడవద్దని మరీ మరీ చెప్పాడు. తిరుగు రైల్లో వెంకట్రాములు కిటికీ పక్కన కూర్చుని ఆ రెండు వేళ్లనే మడుస్తూ తెరుస్తూ ఉన్నాడు.

వారం తిరక్కముందే వనపర్తి నుంచి దేవదాసు పిలిచాడు. పొద్దున, పని రద్దీలో. ఎప్పుడూ అట్లా పిలవడు.

"చెల్లె, ఒక మాట చెప్పాలె. ఆ దినం నువ్వు చెప్పినప్పుడు నా బోర్డు మీద ఇంకో తీగ ఉండె. బట్టల దుకాణపోళ్లది. వాళ్ల కాల్ అయిపోయిందనుకున్న, ఊడదీయలే. వాళ్లు ఫోన్ పెట్టకుండ అంతా విన్నరంట. ఇయ్యాల ఆ దుకాణపాయన వాకిట్ల నిలబడి నన్నే అడిగిండు, గద్వాల ఆపరేటరమ్మ మొగనికి గట్లనా అని."

ఆ దుకాణంలో అమ్మేది గద్వాల చీరలే. సరుకు పోయేది వెంకట్రాములు షావుకారు దగ్గరినుంచే.

బాలమణి ప్లగ్గు పీకేసింది.

షావుకారు మనిషి ఆ సాయంత్రమే వచ్చి, మగ్గం మీది పడుగును సగం నేత ఉండగానే కోయించి తీసుకుపోయాడు. లోపలికి అడుగు పెట్టకుండా, ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడే అంతా చేయించాడు. వీధి నల్లా దగ్గర బాలమణి బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు దూరం జరుపుకునేవాళ్లు. పుష్ప బడి నుంచి వచ్చి, "అమ్మా, నా పక్కన ఎవ్వరూ కూసుంటలేరు, ఎందుకు?" అని అడిగింది. ఎక్స్ఛేంజిలో జానకమ్మ తనకు వేరే హెడ్‌సెట్ కావాలని అర్జీ పెట్టింది.

"నాకు చిన్న పిల్లలున్నరు బాలమణీ, ఏమనుకోకు" అంది, తల ఎత్తకుండానే.

బాలమణి ఎవరితోనూ పోట్లాడలేదు. లైనులో మాట్లాడటం మానేసింది. నంబరు అడగడం, కలపడం, అంతే. వనపర్తి వచ్చినా ముక్తసరిగా నంబరు చెప్పి వదిలేసేది. దేవదాసు రెండుమూడు సార్లు "చెల్లె" అని మొదలుపెట్టాడు. "నంబర్ చెప్పండి" అని ఆమె పరాయిదానిలా అడిగేసరికి ఆగిపోయాడు.

కానీ మధ్యాహ్నం ఆ వేళకు మాత్రం లైను కలిసేది. దేవదాసు ఒక్క మాట మాట్లాడకుండా అటు తీగను ఇటు కలిపి ఊరుకునేవాడు. అటునుంచి రుక్కమ్మ మొదలుపెట్టేది. బాలమణి జవాబు చెప్పకపోయినా ఆమె ఆపలేదు. వాళ్ల అత్త కొత్త కళ్లజోడు పెట్టుకుని ఎవరెవరిని తిట్టిందో, బర్రె కట్టు తెంపుకుని ఎవరి చేను మేసిందో, పెనిమిటి ఏ కూరకు వంక పెట్టాడో అన్నీ చెప్పేది. చెప్పిచెప్పి, "ఉంట బాలమణీ" అని పెట్టేసేది. బాలమణి హెడ్‌సెట్ తీసి పక్కన పెడదామనుకునేది. తీయబుద్ధి అయ్యేది కాదు. రోజు మొత్తంలో తనను మామూలు మనిషిలా పలకరించే గొంతు అదొక్కటే.

మందులకు వెంకట్రాములు ఒళ్లు నల్లబడసాగింది. మందు గుణం అంతేనని డాక్టరు ముందే చెప్పినా, చూసేవాళ్లకు అది రోగం ముదిరినట్టే ఉండేది. అతను పగలు బయటికి రావడం మానేశాడు. ఖాళీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు.

"నా మూలాన పిల్ల బతుకు గుడ చెడ్తుంది" అన్నాడు ఒకరోజు.

"గోలీలు మింగుతున్నవు, తగ్గుతుంది. గట్ల మాట్లాడకు" అని ఆమె కసురుకుంది. తర్వాత చాలాకాలం ఆ కసురు ఆమె చెవుల్లోనే ఉండిపోయింది.

కార్తీకంలో ఒక ఉదయం పుష్ప ఏడ్చుకుంటూ ఎక్స్ఛేంజికి వచ్చింది. నాయన సంచి పట్టుకుని బస్సెక్కాడట. గోలీలు గూట్లోనే వదిలేశాడట. ఎక్కింది వనపర్తి బస్సని ఎవరో చూసినవాళ్లు చెప్పారు.

బాలమణి నెలల తరబడి పరాయిగా పలికిన లైనులోనే ప్లగ్గు పెట్టింది.

"అన్నా, ఆయన ఇల్లిడిచి పోయిండు. వనపర్తి బస్సెక్కిండంట. గోలీలు తీస్కపోలే."

"ఆ దిక్కు చుట్టాలెవరన్న ఉన్నరా?"

"గోపాల్‌పేటల ఆయన అక్క ఉంది. భీమమ్మ."

"నువ్వు జర నిమ్మలంగ ఉండు. నే చూస్త."

దేవదాసు బోర్డును తోటివాడికి అప్పగించి బస్‌స్టాండుకు పోయాడు. పోయేముందు అతను లైను కలపగా సంగతి విన్న రుక్కమ్మ ఊరుకోకుండా తనకు తెలిసిన ఎక్స్ఛేంజీలన్నిటికీ ఫోన్లు చేసి, నల్లబడిన మనిషి, ఎడమచేతి రెండు వేళ్లు వంగినట్టుంటాయి, కనిపిస్తే చెప్పమని బాలమణి చెప్పిన ఆనవాళ్లు ఇచ్చింది. గద్వాలలో జానకమ్మ బాలమణి పక్కకు వచ్చి, ఆమె కాల్స్ కూడా తానే చూసుకుంది.

దేవదాసు గోపాల్‌పేటలో భీమమ్మ ఇంటికి పోయేసరికి తమ్ముడు వచ్చి పోయాడని ఆమె చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఇంట్లో కోడలు కడుపుతో ఉందని, వాకిట్లోనే విస్తరి వేసి అన్నం పెట్టిందట. అతను ఆ విస్తరి ముట్టకుండా లేచిపోయాడు. అతను వెళ్లిన దారిన దేవదాసు నడిచాడు. ఊరు దాటాక రోడ్డు పక్క మోరీ గోడ మీద వెంకట్రాములు కూర్చుని ఉన్నాడు.

"నువ్వు వెంకట్రాములువేనా? నేను దేవదాసును. మీ ఇంటామె లైను మీద మాట్లాడుతది చూడు, వనపర్తి నుంచి."

వెంకట్రాములు అతని వంక చూసి, "నా సంగతి ఊరంతా చాటించింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే. తీగ ఊడదీయక చేసిన తప్పు అది. తిట్టాలనుంటే ఇంటికి పోయినంక తిట్టు. లే, పోదాం."

తన ఇంటికే తీసుకుపోయాడు. భార్య బుజ్జమ్మకు విషయమంతా చెప్పాడు. ఆమె ఒక నిమిషం గుమ్మంలో నిలబడి ఆలోచించింది. తర్వాత లోపల పీట వేసి, ఇంట్లో అందరూ తినే కంచంలోనే అన్నం పెట్టింది. వెంకట్రాములు కడుపునిండా తిన్నాడు.

దేవదాసు ఫోన్‌లో కబురు చెప్పగానే బాలమణి సాయంత్రం బస్సుకు వనపర్తి చేరింది. తలుపు తీసిన మనిషిని చూసి ఇల్లు తప్పొచ్చాననుకుంది. బక్కగా, నెరిసిన జుట్టుతో, ఒక కాలు ఈడ్చి నడుస్తున్న మనిషి. "రా చెల్లె" అన్నాక గానీ గుర్తుపట్టలేదు.

భర్త లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదుట కూర్చుని సంచిలోంచి గోలీలు తీసి అతని అరచేతిలో పోసింది. బుజ్జమ్మ నీళ్లిచ్చింది. అతను మింగాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు బాలమణి బుజ్జమ్మ రెండు చేతులూ పట్టుకుంది. దేవదాసు వైపు తిరిగి ఏదో అనబోయింది. "పోయొస్త అన్నా" అని మాత్రం అంది. ఆ 'అన్నా' అన్న మాటకే దేవదాసు కళ్లు తుడుచుకున్నాడని తర్వాత రుక్కమ్మ చెప్పింది.

వెంకట్రాములు రెండేళ్లూ మందు మింగాడు. రోగం పోయింది. ఒంటి నలుపు మెల్లగా విరిగింది. వేళ్లకు మాత్రం స్పర్శ రాలేదు. రోగం లేదని డాక్టరు రాసిచ్చినా షావుకారు మళ్లీ పట్టు ఇవ్వలేదు. అతను అదే మగ్గం మీద తువాళ్లు నేసి, శనివారం సంతలో అమ్మేవాడు. కొనేవాళ్లకు నేసిందెవరో తెలియదు. నల్లా దగ్గర బిందెలు మెల్లగా దగ్గరికి జరిగాయి. కొన్ని ఇళ్ల తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

లైనులో మాటలు మళ్లీ సాగాయి, కానీ ముందులా కాదు. బాలమణి కూర గురించి, పుష్ప చదువు గురించి చెప్పేది. గుండెలో ఉన్నది చెప్పబోతూ ఆగిపోయేది. ఆమె ఆగిన ప్రతిసారీ దేవదాసు గొంతు సన్నగా, "బోర్డు మీద వేరే తీగ లేదు చెల్లె, చూసుకున్న" అనేది. అయినా ఆమె మాట మార్చేసేది.

1995లో గద్వాలకు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. ఎవరి నంబరు వాళ్లే తిప్పుకోవచ్చు. బాలమణిని బిల్లుల కౌంటరులో కూర్చోబెట్టారు. రుక్కమ్మ ఆదివారాలు ఇంటి నుంచి ఫోన్ చేసేది, అదీ ఇద్దరే మాట్లాడుకునే లైను. దేవదాసు అంతకు ముందే రిటైరై ఖిల్లా ఘణపూర్ దగ్గర పొలం చేసుకోవడానికి వెళ్లిపోయాడు. అక్కడ ఫోన్ లేదు. ఒకసారి పోయి చూసి రావాలని బాలమణి చాలాసార్లు అనుకుంది. పోతే క్షమించానని చెప్పాలి. చెప్పాలంటే నిజంగా క్షమించానా అని తనను తానే అడుగుకోవాలి. ఆ పోవడం ఏ ఏటికి ఆ ఏడు వాయిదా పడుతూ వచ్చింది.