గంగారాం చేసిన కళ్ళం

1978 సెప్టెంబరులో రాస్ అల్ ఖైమాలోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుగా చేరాను. వీసా మీద మాత్రం నా ఉద్యోగం ‘మసాజ్ వర్కర్’ అని ఉంది. హైదరాబాదులో డిప్లొమా చేసి, నెల్లూరులో ఆరేళ్ళు ఎముకల వార్డులో పనిచేసినవాణ్ణి. ఆ రెండు మాటలు చూశాక మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. క్లబ్బు వ్యవహారాలన్నీ చూసే ముదీర్, అంటే మేనేజరు, నా మొర విని నవ్వాడు. కాగితం మీద ఏముంటే ఏం, అందరూ నిన్ను డాక్టర్ అనే పిలుస్తారులే అన్నాడు. పిలిచారు కూడా. అలా పిలిపించుకోవడం నాకు చాలా త్వరగా అలవాటైపోయింది. ఈ కథలో నా తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను.

మాది చిన్న క్లబ్బు. ఆటగాళ్ళలో చాలామంది స్థానికులే. పొద్దున పోలీసులోనో, మునిసిపాలిటీలోనో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవారు. ఆటే వృత్తిగా బతికేవాడు ఒక్కడే ఉండేవాడు. అతని పేరు ఇద్రీస్, సూడాన్ దేశస్థుడు, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. అతని ఒప్పందం ఏటికేడు రాసేది. క్లబ్బే అతని కఫీల్, అతని వీసాకు పూచీ క్లబ్బుదే. ఒప్పందం పొడిగించకపోతే వీసా రద్దు, నెలలోగా దేశం విడిచి వెళ్ళాలి. ఆ ఏడాదే అతను భార్యనూ కూతుర్నీ తెచ్చుకున్నాడు. పాపని బళ్ళో వేశాడు. గోడకి మేకులు కొట్టి ఫొటోలు తగిలించుకున్నాడు. గల్ఫులో మేకు కొట్టాడంటే ఆ మనిషి ఉండిపోదామనుకుంటున్నాడని అర్థం.

ఇద్రీస్ స్థానం మైదానం నడుమ. ఆ స్థానంలో ఆడేవాడి పని బంతి అందుకుని, తలెత్తి చూసి, ముందున్నవాళ్ళకి పంచడం. ఇద్రీస్ పంచేవాడు కాదు. బంతి దొరికితే తనే తీసుకుని పరుగెత్తేవాడు. పక్కకి వంగి ఒకణ్ణి, ఆగినట్టు ఆగి ఇంకొకణ్ణి దాటుకుంటూ గోలు దాకా పోయేవాడు. చూడ్డానికి జనం దాని కోసమే వచ్చేవారు. నాకూ చాలా ఇష్టంగా ఉండేది, దాచుకోవడమెందుకు. అయితే అలా ఆడేవాడికి ప్రతి ఆటలో పది పన్నెండు దెబ్బలు తగులుతాయి. ఇద్రీస్ కుడి మోకాలికి ఖార్తూంలో ఎప్పుడో ఆపరేషన్ జరిగింది. ఎముకల మధ్య ఉండే మెత్తటి పొరను పూర్తిగా తీసేశారు. ఆ రోజుల్లో అలాగే తీసేసేవారు. అటువంటి మోకాలు తిన్నగా పోయినంత సేపూ బాగానే పోతుంది. పాదం నేలలో ఇరుక్కుని పైన ఒళ్ళు తిరిగితే మాత్రం నీరు పట్టి వాస్తుంది.

1979 నవంబరులో ముదీర్ నన్ను పిలిచి, ఇద్రీస్‌ని ఇంకో రెండేళ్ళకి ఉంచుకోవచ్చా, లేదా తేల్చమన్నాడు. పద్ధతి ఏమిటంటే, ఫిట్‌నెస్ కాగితం నేను నింపి సంతకం పెడతాను. శనివారం ఆస్పత్రి నుంచి వచ్చే డాక్టరు నా రాతని బట్టి దాని మీద సంతకం చేస్తాడు. ఆ పైన ముదీర్ నిర్ణయం. మూడు సంతకాలున్నా, మోకాలిని తాకి చూసేది నేనొక్కణ్ణే.

పరీక్ష శ్రద్ధగా చేశాను. మోకాలి చిప్పకు జానెడు పైన తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచాను. కొలమానంతో కాలు ఎంత మడుస్తున్నాడో, ఎంత చాస్తున్నాడో చూశాను. పాదానికి ఇసుక సంచి కట్టి ఎత్తించాను. చివరిది పరుగు పరీక్ష. ముప్ఫై మీటర్ల పరుగు ఆరుసార్లు, మధ్యలో అర నిమిషం విశ్రాంతి, స్టాప్‌వాచి నా చేతిలో. మా మైదానం ఇసుక మైదానం, ఎగుడుదిగుడుగా ఉండేది. సముద్రం వైపు అంచున మాత్రం ఒక పట్టీ నున్నగా, చదునుగా కనిపించింది. నేల సమంగా లేకపోతే టైము తప్పు వస్తుందని, పట్టుబట్టి ఆ పట్టీ మీదే పరుగెత్తించాను. నా నిక్కచ్చితనానికి నేనే మురిసిపోయాను. ఇద్రీస్ ఆరుసార్లూ గాలిలా పోయాడు. మర్నాడు చూస్తే మోకాలు వాయలేదు. ‘రెండేళ్ళకి ఫిట్’ అని రాసి సంతకం పెట్టి, కాగితం ముదీర్ బల్ల మీద పెట్టేశాను.

ఆ గురువారం దుబాయ్‌లో మ్యాచి, అక్కడ పచ్చిక మైదానం, బూటు అడుగున బొడిపెలు నేలలో ఇరుక్కుంటాయి. సగం ఆట అవ్వకముందే ఇద్రీస్ కుంటుతూ బయటికొచ్చి నా ముందు కూర్చున్నాడు. మోకాలు కొబ్బరికాయ అంత అయింది. ఐసు పెట్టి కట్టు కట్టాను. అంతకు ముందు బయట ఊళ్ళలో ఆడిన రెండు మ్యాచిల్లోనూ అతను తేలిపోయాడు. ప్రయాణ బడలిక అని ఒకరు, రిఫరీ వంకర అని ఒకరు సర్దేశారు. సర్దినవాళ్ళలో నేనూ ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మిగతావాళ్ళు పాటలు పాడుతుంటే, ఇదెలా సాధ్యమని నేను కిటికీ పక్కన కూర్చుని బుర్ర గోక్కున్నాను.

శుక్రవారం పొద్దున్నే మైదానానికి వెళ్ళాను. సెలవు రోజు, ఎవరూ ఉండరనుకున్నాను. గంగారాం ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు, మైదానం బాగోగులన్నీ అతనివే. రోజూ తెల్లవారగానే ఇనప పళ్ళ కర్రతో ఇసుకంతా గీకి సరిచేసేవాడు. ఆ రోజు గొట్టంతో ఆ సముద్రం వైపు పట్టీ మీద నీళ్ళు చల్లుతున్నాడు. పక్కన సిమెంటు నింపిన నూనె డ్రమ్ము ఉంది, దాన్నే రోలరుగా వాడతాడు.

“ఏందబ్బా గంగారాం, ఇక్కడ మాత్రం నీళ్ళు పోస్తన్నావ్?” అన్నాను.

అతను సంబరంగా చెప్పాడు. “మా ఊర్ల కల్లం జేస్తం గద సార్, గట్లనే. ముందుగాల నీళ్ళు జల్లాలె, జర ఆరనియ్యాలె, మల్ల రోలర్ తిప్పాలె. మన బోరు నీళ్ళు ఉప్పునీళ్ళాయె, అట్ట కట్టి బండ లెక్క అయితది. సూడుండ్రి, కాలు దిగదు.”

కాలితో తన్ని చూశాను. నిజమే, వడ్లు నూర్చుకోవచ్చు.

“ఎవురు చెయ్యమన్నారు నిన్ను?”

“ఎవ్వలనలే సార్. ఇద్రీస్ భాయ్ కుడికాలు ఇసుకల దిగవడుతుంటె సూడబుద్ధి గాలే. రంజాన్ అయినకాడికెల్లి జేస్తున్న.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పరీక్ష, నా స్టాప్‌వాచి, నా సంతకం అన్నీ ఈయన కళ్ళం మీద పరిచిన గడ్డి అయిపోయాయి. “మూణ్ణెల్ల నుంచి తెలిసి నాకెందుకు చెప్పలా?” అని గట్టిగానే అరిచాను.

గంగారాం గొట్టం కింద పెట్టాడు. “మీరెప్పుడడిగిన్రు సార్?” అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేదు, మామూలుగానే అన్నాడు.

తర్వాత చెయ్యి పట్టుకున్నంత పని చేసి నన్ను మైదానం రెండో వైపుకి తీసుకెళ్ళాడు. బుధవారం సాయంత్రం ప్రాక్టీసు జరిగిన చోటు, గురువారం జట్టు ఊళ్ళో లేదని ఇంకా గీకలేదు. వంగి ఇసుకలో అడుగులు చూపించాడు. “ఇగో, ఇవి ఇద్రీస్ భాయ్‌వి. ఎడమకాలు సూడుండ్రి, మునివేళ్ళు ఎంత లోతుకు దిగినయో. కుడికాలు పలక లెక్క పడ్డది. మడిమె సుత దిగలే. గీ కాలు భయపడుతున్నది సార్.”

ఏడేళ్ళుగా మోకాళ్ళు చూస్తున్నాను. అంత స్పష్టంగా ఒక్కసారీ రాయలేదు. నేను ఆటగాళ్ళని బల్ల మీద పడుకోబెట్టి చూసేవాణ్ణి, అతను వాళ్ళు నడిచిన చోట చూసేవాడు. బల్ల మీద ఏ కాలూ భయపడదు. సిగ్గేసింది, నిజం చెప్పాలంటే కొంచెం ఈర్ష్య కూడా వేసింది.

అక్కణ్ణుంచి ఇద్రీస్ ఇంటికే వెళ్ళాను. అతని భార్య టీ ఇచ్చింది. ఆ పట్టీ సంగతి నీకు తెలుసా అని అడిగాను. ఎందుకు తెలియదు, మన మైదానంలో ఆడితే మొదటి సగంలో కుడివైపు నుంచి, రెండో సగంలో ఎడమవైపు నుంచి ఎందుకు పరుగెత్తుతాననుకున్నావు అన్నాడు. సగం ఆటకి జట్లు వైపులు మారతాయి, అంటే రెండుసార్లూ అదే పట్టీ! మా ఈజిప్టు కోచ్ దాన్ని గొప్ప ఎత్తుగడ అని అందరికీ చెప్పుకునేవాడు. మరి పరీక్షనాడు ఎందుకు చెప్పలేదంటే, “నువ్వే కదా డాక్టర్ అక్కడ పరుగెత్తమన్నావు, నీకూ తెలిసే నా మీద దయతో అలా చేశావనుకున్నాను” అన్నాడు. ఏడాదిగా నేను చేసిన వైద్యానికి కాక, చెయ్యని మోసానికి అతను నాకు కృతజ్ఞతతో ఉన్నాడు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాగితం వెనక్కి తీసుకుంటానని చెప్పాను. అతను గోడ మీద ఫొటోల వైపు చూశాడు గానీ వద్దనలేదు. నాకది ఇప్పటికీ గుర్తుంది.

శనివారం డాక్టరు రాకముందే ముదీర్ గదికి వెళ్ళి, నా పరీక్ష చెల్లదని చెప్పాను. గంగారాం పేరు చెప్పకుండా నేల ఎంపిక నా తప్పని ఒప్పుకున్నాను, అది అబద్ధం కూడా కాదు. ముదీర్ చేతిలోని తస్బీని, అంటే జపమాలని, బల్ల మీద పెట్టాడు. అయితే ఖలాస్, వేరే ఆటగాణ్ణి వెతుకుతాను అన్నాడు. పది రోజులు గడువు అడిగాను. ఎందుకని అడిగితే, ఆ కాలుని ఆటలో నేనింకా సరిగ్గా చూడలేదన్నాను. ఇచ్చాడు.

ఆ పది రోజుల్లో చదువుకున్న పని ఒక్కటీ చెయ్యలేదు. వాపు తీసేదాకా ఆగి, మైదానం అంచున కుర్చీ వేసుకుని ప్రాక్టీసంతా చూశాను. అప్పట్లో నడుంనొప్పికి నా దగ్గరికి వచ్చే ఒక అమెరికన్ క్వారీ ఇంజనీరు ఉండేవాడు. ఇద్రీస్ సంగతి చెబితే, తమ దేశపు ఫుట్‌బాల్‌లోనూ ఇదే గొడవ అన్నాడు. వాళ్ళ ఆటలో బంతిని చేత్తో విసిరి జట్టుని నడిపేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారట. విసరకుండా తనే బంతి పట్టుకుని పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ అంటే జనానికి ప్రాణమట. అలాంటివాడు ఎన్నాళ్ళు నిలుస్తాడని అడిగాను. “పరుగు ఆపాక కూడా అతని దగ్గర ఇంకేమైనా మిగిలి ఉంటే నిలుస్తాడు” అన్నాడు.

ఇద్రీస్ దగ్గర మిగిలి ఉంది. కుర్చీలో కూర్చుని చూస్తేనే తెలిసింది. పరుగెత్తేవాడికి మైదానంలో ఎవరెక్కడున్నారో చూడక తప్పదు. ఇద్దరిని తప్పించుకుపోయే కన్ను ఉన్నవాడికి, ఆ ఇద్దరి మధ్య నుంచి బంతిని పంపే కన్నూ ఉంటుంది. ఇన్నాళ్ళూ అవసరం పడక వాడలేదంతే. కోచ్‌కి చెప్పాను. ఇద్రీస్‌ని పది పదిహేను అడుగులు వెనక్కి నిలబెట్టి, బంతి అందగానే రెండు తాకిళ్ళలో ఇచ్చేయాలని నియమం పెట్టమన్నాను. వైద్యం చేసేవాడివి ఆట నేర్పుతావా అని కోచ్ మండిపడ్డాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అదంతా తన ఆలోచనే అన్నట్టు ఇద్రీస్‌కి చెప్పాడు. నాకేం అభ్యంతరం?

అభ్యంతరం ఇద్రీస్‌కి వచ్చింది. “పరుగు తీసేస్తే ఇక నేనెవణ్ణి?” అని నా గదిలో బూట్లు నేలకేసి కొట్టాడు. గంగారాం రోలర్ పక్కన పెట్టి, ఆ కళ్ళాన్ని గడ్డపారతో తవ్వి మామూలు ఇసుక చేసేశాడని మాత్రం చెప్పాను. నేను చెప్పకుండానే తవ్వాడు. తవ్వినంత సేపూ ఇద్రీస్ కంచె దగ్గర నిలబడి చూశాడట. ఆ సాయంత్రం నుంచి బంతి పంచడం మొదలుపెట్టాడు.

పదో రోజున షార్జాలో మ్యాచి, పచ్చిక మైదానం. ఇద్రీస్ ఆట మొత్తం ఆడాడు. పరుగెత్తింది బహుశా నాలుగైదు సార్లు. మా రెండు గోల్సూ అతను పంపిన బంతుల మీదే పడ్డాయి. మా జనం కొందరు పరుగు చూడలేదని గొణిగారు. మర్నాడు పొద్దున మోకాలికి టేపు పెట్టి కొలిచాను, ఎంతుండాలో అంతే ఉంది. పాత కాగితం చించి కొత్తది రాశాను: ‘నడుమ నిలబడి ఆడటానికి ఫిట్, పరుగు ఆటకి కాదు, ఒక ఏడాదికి.’ ముదీర్ రెండేళ్ళు అడిగాడు, నేను ఏడాదే రాశాను. ఆ ఏడాది గడువుని తర్వాత ఏటికేడు మరో నాలుగుసార్లు పొడిగించాం. అంతకాలం అతని గోడ మీద మేకులు కదల్లేదు.

ఆ తర్వాత క్లబ్బులో నేను పనిచేసిన కాలమంతా ఒక పద్ధతి పాటించాను. శుక్రవారం ప్రాక్టీసు ఉండదు కాబట్టి, గురువారపు అడుగులు గీకకుండా ఉంచమనేవాణ్ణి. పొద్దున్నే గంగారాం, నేను మైదానమంతా నడిచేవాళ్ళం. అతను చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. కాగితంలో ‘నేల’ అనే ఒక గడి కూడా కలిపాను. డాక్టరు అదేమిటని ఒకసారి అడిగి ఊరుకున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. పరీక్ష ఎక్కడ చేశావో అక్కడికే చెల్లుతుంది. కాలు కొలిచే ముందు, అది ఏ నేల మీద పనిచేస్తుందో ఆ నేలని సరిచేసే మనిషిని అడగాలి. 1981లో గంగారాం సెలవు మీద రెండు నెలలు ఊరికి వెళ్ళాడు. ఆ రెండు నెలలూ నేను ఒక్క ఫిట్‌నెస్ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ముదీర్ కోప్పడ్డాడు. కోప్పడనిచ్చాను.