శకునాల చీట్లపై ఆవిడ పేరు

నేను బందరులో తెలుగు మేష్టరుగా ఉన్న రోజుల్లో, ఒక ప్రెస్సు యజమాని నాచేత శకునాల చీట్లకు పద్యాలు రాయించాడు. ముప్ఫై రెండు చీట్లు. ఒక్కోదానిమీద ఒక బొమ్మ, కింద ఫలం చెప్పే పద్యం. మనసులో ఏదో తలుచుకుని ఒక చీటీ తీస్తే మంచో చెడో తెలుస్తుందని జనం నమ్మకం. నాకా నమ్మకం లేదు. అయినా రాశాను. అచ్చులో పేరు చూసుకోవాలన్న యావ అప్పట్లో చాలా ఉండేది.

బొమ్మలు గీసింది ఒకావిడ. నాగాయలంక దగ్గర పల్లె. హంసలదీవి దగ్గర పడవ తిరగబడి భర్తా, ఏడేళ్ల కూతురూ పోయాక బందరులో అన్నగారింటికి వచ్చేసింది. బట్టల అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవాళ్లకు పువ్వులూ తీగెలూ గీసి ఇచ్చేది. బొమ్మలు తెచ్చుకోవడానికి నేనే వెళ్లాను. తలుపు చాటునుంచి కట్ట అందించింది.

అరుగుమీద కూర్చుని ఒక్కొక్కటే చూశాను. ఏనుగు, బావి, తెగిన తాడు, వెలుగుతున్న దీపం. ఏ బొమ్మ చూసినా ఓ మూల చిన్నపిల్ల వీపు ఇటు తిప్పి నిలబడి ఉంది.

"ఈ పాప ఎవరమ్మా?"

"అది ఉంటే బొమ్మ నాదని తెలుస్తుందండీ" అంది లోపలినుంచి.

యజమానికి అది నచ్చలేదు. "కొనేవాళ్లు జడుసుకుంటారండీ" అని, చెక్క బ్లాకుల్లో పిల్లను తీసేయించాడు. అట్టమీద పెద్దక్షరాల్లో నా పేరు, కింద ప్రెస్సు పేరు వేశారు. ఆవిడ పేరు లేదు. ప్రూఫు దిద్దింది నేనే. నా పేరులో దీర్ఘం సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

వేసవి సెలవుల్లో గుడివాడలో మా పిన్ని ఇంటికి ఆ చీట్లు పట్టుకెళ్లాను. మధ్యాహ్నం ఆడవాళ్లంతా సరదాగా తీస్తున్నారు. చూపు సరిగా ఆనని పిన్ని అత్తగారు ఒక చీటీ కళ్లకు ఆనించుకుంది.

"ఒరే అబ్బాయ్, ఇక్కడ ఎవరో నిలబడి వెళ్లిపోయార్రా."

ఆమె వేలు పెట్టినచోట రెండు చిన్న పాదాలున్నాయి. గబగబా తక్కిన చీట్లు తిరగేశాను. అన్నింటిలోనూ ఉన్నాయి. బ్లాకులు చెక్కినాయన తొందరలో వదిలేశాడో, మనసొప్పక ఉంచేశాడో నాకు తెలియదు.

"ఇవి నువ్వే గీశావా?"

"లేదండీ. ఒకావిడ గీసింది."

"ఆవిడ పేరేమిట్రా?"

ఆవిడ పేరు నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు. ప్రెస్సులో అందరం 'ఫలానావారి చెల్లెలు' అనేవాళ్లం.

ఆ తర్వాత అక్కడ ఉండలేకపోయాను. స్నానం చేసి వచ్చిన పిల్లల తడికాళ్ల గుర్తులు గచ్చుమీద కనబడినా ఆ పాదాలే గుర్తొచ్చేవి. సెలవులు కాకముందే రైలెక్కి బందరు వచ్చేశాను. తిన్నగా వాళ్లింటికి వెళ్లాను.

"తప్పు చేశానమ్మా. మళ్లీ అచ్చువేసేటప్పుడు మీ పేరు వేయిస్తాను. ఏ ఇంటిపేరు వెయ్యమంటారు? పుట్టింటిదా, అత్తింటిదా?"



"రెండూ వద్దండీ. నా పేరొక్కటీ వెయ్యండి" అని పేరు చెప్పింది.

రెండో అచ్చుకు యజమాని 'చిత్రలేఖన సహాయం' అని వేద్దామన్నాడు.

"సహాయం ఏమిటండీ? పద్యాలు తీసేసినా ఇవి శకునాల చీట్లే. బొమ్మలు తీసేస్తే వట్టి అట్టముక్కలు" అన్నాను. అంత గట్టిగా నేనెవరితోనూ మాట్లాడి ఎరగను. చివరికి 'బొమ్మలు గీసినవారు' అని ఆవిడ పేరు పైనా, అంతే పెద్దక్షరాల్లో నా పేరు కిందా పడ్డాయి. కానీ ఆ పాప కోసం బ్లాకులు కొత్తగా చెక్కించడానికి యజమాని ఒప్పుకోలేదు. యుద్ధంతో కాగితం దొరకని రోజులు. వేసినవీ కొద్దిగానే వేశాడు.

ఒక కట్ట ఆవిడకు ఇచ్చాను. అట్టమీద పేరు చూసుకుంది. తర్వాత ఒక్కొక్క చీటీ చివరిదాకా చూసింది.

"దాన్ని రానివ్వలేదేమండీ?" అంది.

ఆవిడ చీట్లు సర్ది, కట్ట నాకే తిరిగి ఇచ్చేసింది. మళ్లీ ఏ ప్రెస్సుకూ బొమ్మలు గీయలేదని విన్నాను. మరుసటేడు దివిసీమకే తిరిగి వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఎవరైనా "మీ చీట్లు" అంటే ఆవిడ పేరు చెప్పి సరిదిద్దుతాను. ఈ రాతలో మాత్రం ఆ పేరు రాయను. బొమ్మలమీద వెయ్యమని ఇచ్చిన పేరది, నా జ్ఞాపకాల్లో రాసుకోనా అని ఆవిణ్ణి నేనడగలేదు.