తాత పతకం, అత్త చింతపండు

మా మేనత్తకు ఎనభై దాటాయి. ఆవిడ కడుపులో ఉండగానే తాత బర్మా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఇంటికి వచ్చిందల్లా ఒక కంచు పతకం. తను కళ్లు మూసేలోగా వాళ్ల నాన్న ఏ ఊళ్లో పోయాడో తెలుసుకోవాలని అత్త కోరిక. ఆ పని నా నెత్తిన పడింది.

మూడు నెలలు మా కవిటి నుంచి పలాసకీ, టెక్కలికీ, శ్రీకాకుళానికీ ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న: "ఏ యూనిట్? నంబరెంత?" అది తెలిస్తే మీ గుమ్మం ఎందుకు తొక్కుతానయ్యా అని నోటిదాకా వచ్చేది. ఢిల్లీలో సైన్యం ఆఫీసుకు ఉత్తరం రాస్తే, జవాబుగా మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. చివరికి టెక్కలిలో ఒక రిటైర్డ్ సుబేదారు నవ్వాడు.

"పతకం ఎనకాల సూడు మావా. పేరు, నంబరు, యూనిట్ సెక్కే ఇస్తారు."

ఇంట్లో పెట్టుకుని జిల్లా అంతా తిరిగానన్నమాట! నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చి, పూజ గూట్లోంచి పతకం తీశాను. వెనక నున్నగా ఉంది. భూతద్దం పెడితే అంచున ఒక తొమ్మిది మాత్రం ఆనింది.

"ఇదేమిటత్తా?"

"ఏటేటి? ప్రతీ పెద్దల అమాసకీ దీపం కుందుల్తో పాటు తోముతాను. సింతపండు, బూడిద ఏసి."

"డెబ్బై ఏళ్లు తోమితే ఇంకేం మిగులుతుంది!" అని అరిచేశాను.

"మా అయ్య మొకం నానెరగను. ఆ బిళ్లొక్కటే కదరా ఉంది. నల్లబడిపోతే సూత్తా ఊరుకుంతానా?"

ఒక్క అంకెతో యూనిట్ దొరకదని సుబేదారు ఫోన్లో తేల్చేశాడు. అయినా ఇక తోమొద్దని అత్తకు గట్టిగా చెప్పాను.

పెద్దల అమావాస్య వచ్చింది. తళతళలాడే కుందుల మధ్య పతకం నల్లగా ఉంది. అత్త కుంకుమ పట్టుకుని నిలబడింది కానీ, బొట్టు పెట్టడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. మూడు నెలల విసుగూ ఏమైపోయిందో, నేనే చింతపండు తెచ్చుకుని కూర్చున్నాను. తొమ్మిదిని బొటనవేలితో కప్పి, చుట్టూ తోమాను.

"అక్కడేటి, నల్లగా వొగ్గీసినావు?"

"మీ అయ్య నంబరత్తా. అంతే మిగిలింది."

"ఏ ఊల్లో పోనాడో సెప్తాదా?"

"చెప్పదు."

అత్త సరిగ్గా ఆ నల్లమచ్చ మీదే బొట్టు పెట్టింది.