మామగారి ఆదివారం మరణాలు

మామగారికి ఆదివారం ఆదివారం చనిపోవడం అలవాటు.

ఈ సంగతి కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన మొదటి ఆదివారం ఆమె కాఫీ కప్పులతో హాల్లోకి వచ్చేసరికి, మామగారు సోఫాలో వెల్లకిలా పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నారు. "మామయ్యా!" అని పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు.

"నాన్న పోయారు. కాఫీ అక్కడ పెట్టు," అన్నాడు ఆమె భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

కోడలు కెవ్వుమని అరిచి, చెంబుడు నీళ్లు తెచ్చి ఆయన మొహాన కొట్టింది. శవం ఉలిక్కిపడి లేచి కూచుంది.

"అమ్మాయ్, నీ కంగారు నాకు నచ్చింది. కానీ పోయినవాణ్ని తడపకూడదు. ముందు ఫోను తీసుకోవాలి," అని శవం మీసాలు తుడుచుకుని మళ్లీ పడుకుంది.

"ఇవాళ దేంతో నాన్నా?"

"గుండెపోటు."

"పోయిన వారమూ అదేగా?"

"నాకున్నది ఒక్కటే గుండె. ఏం చేయమంటావురా?"

ఆయన ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేయడంలోనే గడిచింది. లోపల ఇరుక్కున్నవాడు ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు, తలుపు తీసే తాళంచెవి బయటివాళ్ల దగ్గర ఉండాలి అంటారాయన. ఇంటి కరెంటు బిల్లు, బ్యాంకు, ఇన్సూరెన్సు, పెళ్లి ఫోటోలు, అన్నీ ఫోన్లోనే ఉన్నప్పుడు దాని తాళంచెవీ ఇంట్లోవాళ్లకి తెలియాలని ఆయన వాదన.

పాఠమంతా అత్తగారికే. ఆవిడ కుట్టుమిషను విప్పి మళ్లీ బిగించగలరు. ఫోను మాత్రం వేడి పెనం ముట్టుకున్నట్టు వేలికొసతో ముట్టుకుంటారు.

"పొద్దున్నే ఆ మాటలేంటండీ, అశుభం!" అని విసుక్కుంటూనే శవం బొటనవేలు పట్టుకుని ఫోనుకి అద్దారు.

"వేలిముద్రని నమ్ముకోకే. పోయాక అది పలకదు. నంబరు కొట్టు," అంది శవం.

"పోయినవాళ్లు మాట్లాడకూడదు."

"తప్పు కొడితే మాట్లాడక ఏం చేస్తారు?"

ఇలా వారానికో మెట్టు. తన తర్వాత ఈమెయిల్ ఎవరు తెరవచ్చో ఆయన సెట్టింగుల్లో ముందే భార్య పేరు పెట్టేశారు. ఫోటోలు ఎక్కడ దాచారో చూపించారు. వాట్సాప్ గ్రూపుల విషయంలో మరీ పట్టింపు. "రోజూ పొద్దున్నే గులాబీపువ్వు పంపిస్తాడే, వాడికి కబురు చెప్పండి. లేకపోతే నేను పోయినా పువ్వులు పంపిస్తూనే ఉంటాడు."

"పోయినవాళ్లకి పంపేవి పువ్వులేగా నాన్నా," అన్నాడు కొడుకు.

శవం కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రోజు పాఠం అక్కడితో సరి.

కోడలికి ఇదంతా చాదస్తంగానే కనిపించేది. ఒక మధ్యాహ్నం బల్బు మారుస్తూ మామగారు స్టూలు మీంచి నిజంగానే పడిపోయారు. తల గోడకి తగిలింది. పిలిస్తే పలకలేదు. భర్త ఊళ్లో లేడు. కోడలే అంబులెన్సు పిలిచి ఎక్కించింది.

"రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా? స్కానింగుకి తీసుకెళ్లేలోపు చెప్పాలి," అన్నాడు ఆసుపత్రి డాక్టరు.

కోడలికి ఆ సంగతి తెలీదు. అత్తగారు చేతిసంచిలోంచి ఆయన ఫోను తీశారు. నంబరు కొట్టారు. నిమిషం తిరక్కుండా మందుల చీటీ ఫోటో డాక్టరు ముందు పెట్టారు. కౌంటర్లో ఇన్సూరెన్సు కార్డడిగితే అదీ చూపించారు. కొడుక్కి ఫోన్ చేసి, "కంగారు పడకుండా రా," అన్నారు. వేలికొసతో కాదు, అయిదు వేళ్లతో పట్టుకుని.

సాయంత్రానికి గండం గడిచింది. మామగారు కళ్లు తెరిచి కట్టు తడుముకుంటుంటే, వరండాలో కోడలు అడిగింది.

"మీకు భయం వేయలేదా అత్తయ్యా?"

"ఎందుకు వేయదే? మా అక్కని చూశానుగా. బావ పోయాక ఆ ఫోను తెరవడం ఎవరివల్లా కాలేదు. అందులో ఆయన గొంతుందని రోజూ ఛార్జింగ్ పెట్టుకుంటూ కూచునేది. అది చూసొచ్చిన వారమే మీ మామయ్య మొదటిసారి పోయారు. బుద్ధిగా కూచోబెట్టి చెప్తే నేను ఏడుస్తానని ఈ వేషాలన్నీ."

కట్టు విప్పిన ఆదివారం మామగారు సోఫా దగ్గరికి వచ్చేసరికి అందులో అత్తగారు పడుకుని ఉన్నారు.

"ఇవాళ నేను పోతాను. నా ఫోను మీరు తెరవండి."

మామగారు ఫోను తీసుకున్నారు. కళ్లు మూసుకున్న భార్యని చూశారు. ఫోను చూశారు. మళ్లీ భార్యని చూశారు.

"లేవవే. బాగోలేదు."

"పోయినవాళ్లు లేవరండీ."

"లేస్తావా లేదా!" ఆయన ఆవిడ భుజం పట్టి కుదిపారు. ఇన్నిసార్లు హాయిగా చచ్చిన మనిషి, ఆవిడ అరనిమిషం కళ్లు మూసుకుంటే తట్టుకోలేకపోయారు.

ఆవిడ నవ్వుతూ లేచి కూచున్నారు. ఆవిడ తన పక్కనే కూచుని, కళ్లు తెరిచి చెప్తేనే నేర్చుకుంటానని ఆయన షరతు పెట్టారు. అప్పట్నించీ ప్రతి ఆదివారం బాల్కనీలో ఆవిడ నంబరు చెప్తారు, ఆయన తప్పు కొడతారు, ఆవిడ మళ్లీ చెప్తారు.

ఆయనకి ఇప్పటికీ ఆ నంబరు రాలేదు. కావాలనే నేర్చుకోవడం లేదని కోడలి అనుమానం.